ఎలపట చక్రం

బోడికారు ఏదో ఒకనాటికి రోడ్డెక్కుతుందని ఉదయగిరిలో ఆ వీధివాళ్లు ఒక్కరూ నమ్మలేదు. ఎడ్విన్ వారం వారం సెలవుకి ఇంటికొచ్చి దాని కిందికి దూరినప్పుడల్లా వాకిలి ముందు ఆగి ఒక మాట విసిరి మరీ పోయేవాళ్లు.

"ఏందబ్బా ఎడ్వినూ, పెళ్లికూతురి ముస్తాబు ఇంకా కాలేదా?"

"అయితాది లేబ్బా. ముందు నిన్నే పిలస్తా," అని కారు కిందినుంచి జవాబు వచ్చేది.

పైకప్పు లేదు కాబట్టి దానికి బోడికారని పేరు పడింది. ఇద్దరికే సీట్లు. పొడుగాటి మూతి, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు, సైకిలు చక్రాలకున్నట్టు ఊచలున్న చక్రాలు. ఇంగ్లండులో పందేలకు తోలే రకం. మిషను బంగళాలో ఉండిన డాక్టరు దొరసాని మద్రాసు నుంచి తెప్పించుకుంది. ముసలితనంలో తన దేశానికి వెళ్లిపోతూ ఓబయ్యకు ఇచ్చిపోయింది. ఓబయ్య ఆమె దగ్గర చేరకముందు ఎద్దులబండి తోలేవాడు. చేరాక కారు కడగడం, చక్రాలు మార్చడం ఆయన పని. తోలేది మాత్రం దొరసానే. ఆమె పోయాక దాన్ని తోలేవాళ్లు లేక గొడ్లపాకలో తోసిపెట్టారు. అందులో కోళ్లు గుడ్లు పెట్టాయి, సీట్లను ఎలుకలు తిన్నాయి.

ఓబయ్య కొడుకే ఎడ్విన్. ఆత్మకూరు బస్సు డిపోలో మెకానిక్కు. కూతురు సారా మూడో తరగతిలో ఉండగా పాకలో కారును విప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు సారా తొమ్మిదో తరగతికి వచ్చింది. ఈ ఆరేళ్లలో ఆ ఇంట్లో కారు లేని చోటు లేదు. ఇంజను గోనెసంచుల్లో అటకెక్కింది. గేరుబాక్సు మంచం కింద చేరింది. తుప్పుపట్టిన రేకు కోసేసి, కొత్త రేకు సుత్తితో కొట్టి కొట్టి వంపులు తిప్పాడు. దొరకని సామానుకోసం మద్రాసు పుదుపేట సందులన్నీ తిరిగాడు. అక్కడా దొరకనిదాన్ని డిపోలో పాత ఇనుములోంచి సానపట్టి తయారు చేశాడు. సారా తల్లి హన్నమ్మ ఒకరోజు పప్పుడబ్బాలో చెయ్యిపెడితే గుప్పెడు బోల్టులొచ్చాయి. ఆ రోజు మొగుడికి అన్నం పెట్టలేదు.

సారాకు మాత్రం ఆ పాకే బడి. అసలు బడిలో ఆ పిల్ల నోరు తెరిచింది తక్కువ. హాజరు పిలిచినప్పుడు "ఉన్నానండి" అంటే పక్కపిల్లకు తప్ప వినపడేది కాదు. వచ్చిన రోజు కూడా రానట్టే పడేది. పాకలో అలా కాదు. నాయనకు ఏ పానా కావాలో అడక్కముందే అందించేది. విప్పిన సామాను కిరసనాయిల్లో కడిగి, ఏది ఎక్కడిదో గుర్తులు పెట్టేది. గుర్తులు చెప్పేది తాత ఓబయ్య.

ఆ తాతకే ఇప్పుడు చూపు పోయింది. రెండు కళ్లకూ పొర కమ్మింది. మనిషిని చూసి కాదు, గొంతు విని పోల్చుకుంటున్నాడు. ఆత్మకూరులో కళ్ల ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. బయల్దేరమంటే మొండికేశాడు.

"నేను బస్సులో రానురా. దొరసాని పక్కన కూర్చోని పోయినోణ్ణి. ఆ కారులోనే పోతా. కట్టు విప్పినాక ముందు దాన్నే చూస్తా."

ఎడ్విన్‌కి పట్టుదల వచ్చింది. వేసవి సెలవుల్లో డిపోకి లీవు పెట్టి, కూతుర్ని పక్కన పెట్టుకుని, మిగిలిన పనంతా ముగించాడు. కారు వీధి చివరిదాకా నడిచి వచ్చింది. నవ్వినవాళ్లే వెంట పరిగెత్తారు.

క్యాంపు రోజు పొద్దున్నే సంఘం పెద్ద వచ్చి కారు మూతి మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు. ఆమేన్ కాగానే ఎడ్విన్ చెక్కసుత్తి తీసుకుని చక్రాలు చివరిసారి బిగించాడు. బస్సుకున్నట్టు ఈ కారు చక్రానికి చుట్టూ నట్లుండవు. నడిమధ్య రెండు రెక్కలున్న ఒకే ఒక పెద్ద నట్టు ఉంటుంది. రెక్కను సుత్తితో కొట్టి బిగించాలి, కొట్టే ఊడదియ్యాలి. అది వదులైతే చక్రాన్ని పట్టుకునేది ఇంకేమీ లేదు.

సారా చూస్తూ నిలబడింది. వెనక చక్రాల రెక్కలను నాయన కారు వెనకవైపుకి కొట్టి బిగించాడు. ముందు చక్రాల రెక్కలను ముందువైపుకి కొట్టి బిగించాడు. కారు తయారవుతున్నప్పుడే ఆ తేడా ఏమిటని ఒకసారి అడిగింది. "వెనక చక్రం తోసేది మే, ముందు చక్రం తిరిగేది. రెండిటికీ ఒకే తీరు ఎందుకుంటాది?" అన్నాడు. డిపోలో పదిమందికి పని నేర్పిన మనిషి. సారా మళ్లీ అడగలేదు. అయినా ఇప్పుడు ఆ సుత్తి దెబ్బలు వింటుంటే మనసులో ఏదో ముల్లులాగా తగిలింది. ఏమిటో అందలేదు.

"పోయొస్తాం మే," అని తాత, సారా ఉందనుకున్నవైపు తిరిగి నవ్వాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. బోడికారు ఒకసారి దగ్గి, తర్వాత గొంతు సవరించుకున్నట్టు మోగి, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

సీట్లు రెండే గనక హన్నమ్మా సారా వెనకాల బస్సెక్కారు. ఆత్మకూరు బస్సు కిక్కిరిసి ఉంది. డ్రైవరు నారాయణయ్య ఎడ్విన్‌కి డిపోలో బాగా తెలిసినవాడే. హన్నమ్మను చూసి, "ఏందక్కా, కారుండే వాళ్లు మా బస్సెక్కినారే!" అన్నాడు. ముందువైపు రెండో సీటులో కిటికీ పక్కన సారా కూర్చుంది, ఒళ్లో తాత దుప్పటీ మూట. ఉదయగిరి కొండ వెనక్కి తగ్గుతోంది. రోడ్డుకి రెండు పక్కలా సర్కారు తుమ్మ, ఎర్ర గరప నేల, అక్కడక్కడా మేకలు.

వెనక సీటులో ఒక రైతు పక్కవాడితో పెద్ద గొంతుతో మాట్లాడుతున్నాడు. పక్కవాడు చెంచయ్యా అని పిలుస్తున్నాడు. కొత్తగా కొన్న ఎద్దుల ముచ్చట.

"జత చూస్తే బాగానే ఉండాది చెంచయ్యా. పని ఎట్ట చేస్తాయి?"

"ఎలపటది బంగారం అనుకో. దాపటదే మొండిది. అటూ ఇటూ మార్చి కట్టి చూసినా. మారిస్తే రెండూ పనికి రాకుండా పోయినాయి. ఎలపటెద్దు ఎలపటే ఉండాల, దాపటెద్దు దాపటే ఉండాల."

కాడికి కుడిపక్క కట్టేది ఎలపటెద్దు, ఎడమపక్క కట్టేది దాపటెద్దు. సేద్యం చేసే ఇళ్లలో చిన్నపిల్లలకైనా తెలిసిన మాటే. సారా ఆ మాట విని కిటికీలోంచి చూస్తూనే ఉంది. చూస్తూ చూస్తూ ఉండగా మేకలు కనబడడం మానేశాయి. గొడ్లపాక కనబడింది.

కారు విప్పిన తొలిరోజులు. తాతకు అప్పుడు చూపు బాగానే ఉంది. ముందు చక్రాలను తగిలించే హబ్బులు రెండూ విప్పి సారా ముందు పెట్టాడు. చూడ్డానికి రెండూ ఒకటే. నట్టు ఎక్కే మర మాత్రం ఒకదానిది అటు, ఒకదానిది ఇటు తిరుగుతుంది. "ఇది ఎలపటిది మే. గుర్తు పెట్టుకో. ఇవి అటిటు అయినాయా, పోతా ఉంటే నట్టు దానంతటది ఊడొస్తాది," అన్నాడు. బండి తోలినవాడు, కుడి ఎడమ అనే అలవాటు ఆయనకు లేదు. సారా మేకు తీసుకుని ఆ హబ్బు లోపలి పక్క 'ఎ' అని గీకింది. మూడో తరగతి పిల్లకు ఇనుము మీద అంతకంటే గీకే ఓపిక లేదు. ఒకదానికి గుర్తుంటే రెండోది తెలియదా అని రెండోదాన్ని వదిలేసింది.

మొన్న బిగించేటప్పుడు నాయన ఆ హబ్బును వెలుతురులో తిప్పి చూశాడు.

"ఈ 'ఎ' ఏంది మే?"

"ఎడమ," అంది సారా. క్షణం కూడా ఆలోచించలేదు. బడిలో నేర్చుకున్న మాట.

"అంతేలే. మర కూడా ఎడమకు తిరిగేదే, ఎడమ మర. మన బస్సుకైనా ఎడమ చక్రానికి ఎడమ మరే గదా," అని నాయన దాన్ని తీసుకుపోయి ఎడమపక్క బిగించాడు.

ఎలపట. కుడి.

వెనక చక్రాలకు వెనక్కి, ముందు చక్రాలకు ముందుకి. నాలుగూ వెనక్కే బిగియ్యాలి, బస్సు లెక్క దీనికి కుదరదు. పొద్దుటి సుత్తి దెబ్బల్లో గుచ్చుకున్న ముల్లు ఇదే. కారు ఎంత దూరం పోతే ఆ రెక్కల నట్లు అంత వదులవుతాయి. వీధి చివరిదాకా పోయి రావడానికి చాలేది. ఆత్మకూరు దాకా చాలదు.

"అమ్మా," అంది. "చక్రం ఊడిపోతాది."

"ఏంది మే గొణుగుతావు? కడుపులో తిప్పుతా ఉండాదా? కిటికీలోంచి తల బయటికి పెట్టు."

"కారు చక్రం అమ్మా. నాయన తప్పు పక్క బిగించినాడు. నేనే తప్పు చెప్పినా. ఊడిపోతాది."

హన్నమ్మకు మరలు తెలియవు. కానీ కూతురి మొహం తెలుసు. ఆమె లేచి నిలబడింది. నడవలో మూటలూ మనుషులూ. కాలు పెట్టే సందు లేదు. "ఓ అన్నా! ఓ కండక్టరన్నా!" అని అరిచింది. వెనక టిక్కెట్లు కొడుతున్న కండక్టరు తల ఎత్తకుండానే, "వస్తా ఉండా లేమ్మా, అందరికీ ఇస్తా," అన్నాడు.

"నువ్వు సన్నంగా ఉండావు. దూరి పో. డ్రైవరుకు చెప్పు," అని హన్నమ్మ కూతుర్ని నడవలోకి తోసింది.

సారా మూటలు దాటుకుంటూ ఇంజను బానెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. నారాయణయ్య పక్కన ఇద్దరు ముగ్గురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరూ ఆ పిల్లవైపు చూశారు. సారా నోరు తెరిచింది. బడిలో హాజరుకు పలికినట్టే అది ఎవరికీ వినపడలేదు.

"ఏం పాపా, ఆపాల్నా?" అన్నాడు నారాయణయ్య.

సారా తల అడ్డంగా ఊపింది.

"మరేంది? పోయి కూర్చో. గుంట వస్తే పడతావు."

ఒకాయన నవ్వాడు. "పిల్లకు డ్రైవింగు నేర్చుకోవాలని ఉండాది."

సారా కళ్లముందు తాత తెల్లచొక్కా కనబడింది. కారుకు కప్పు లేదు. పక్కకు పడితే పట్టుకోవడానికేమీ లేదు. కళ్లు కనబడని మనిషికి ఏం జరుగుతోందో కూడా తెలియదు.

"కారు చక్రం ఊడిపోతాది!" అంది. తనకే కొత్తగా ఉంది ఆ గొంతు. "ముందు హబ్బులు రెండూ తప్పు పక్క బిగించినాం. పోయేకొద్దీ నట్టు ఊడతాది. మా నాయనను ఆపాల."

నారాయణయ్య ఒకసారి తిరిగి చూశాడు. "మీ నాయన తప్పు బిగిస్తాడా? డిపోలో ఆయన బిగించింది మేం ఇప్పలేక చస్తా ఉండాం."

"నేను తప్పు చెప్పినా. గుర్తు నాది. అది 'ఎడమ' కాదు, 'ఎలపట'."

ఆ మాట ఎంతవరకు అర్థమైందో గానీ నారాయణయ్య మళ్లీ రోడ్డువైపు తిరిగాడు. గేరు తగ్గించి యాక్సిలేటరు తొక్కాడు. బస్సు మొత్తం వణికింది. ముందు స్టేజీ దగ్గర చెయ్యెత్తినవాళ్లు అలాగే నిలబడిపోయారు. వెనకనుంచి కేకలు లేచాయి.

"ఓయ్, నా ఊరు పోయిందయ్యా! ఆపవయ్యా!" ఇది ఎద్దుల చెంచయ్య. హన్నమ్మ తిరిగి రెండు ముక్కల్లో చెప్పింది. "పోనీ అన్నా, పోనీ! నేను నడిచి పోతాలే!" అని చెంచయ్య ఇప్పుడు మాట మార్చి అరవడం మొదలుపెట్టాడు.

మిట్ట ఎక్కగానే కారు కనబడింది. దూరంగా, పల్లంలోకి దిగబోతూ, ఎండలో మెరుస్తోంది. పల్లం అడుగున మలుపు, మలుపులో వాగు మీద కల్వర్టు. కల్వర్టుకి పక్కగోడలు కూలిపోయి చాలాకాలమైంది.

నారాయణయ్య హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు.

కారులో ఎడ్విన్ తిరిగి చూశాడు. తమ డిపో బస్సు. పళ్లన్నీ కనబడేట్టు నవ్వి చెయ్యి గాలిలో ఊపాడు. ఊపి, కారు వేగం పెంచాడు.

"ఓరి నీ యక్క! పందెం అనుకున్నాడు," అన్నాడు నారాయణయ్య.

సారా తలుపు దగ్గరికి దూరింది. కండక్టరు ఇప్పుడు వచ్చి ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బస్సు రోడ్డు దిగి, గరప ఎగజిమ్ముకుంటూ, మళ్లీ ఎక్కి కారు పక్కకు వచ్చింది. తుమ్మకొమ్మలు కిటికీలకు రాసుకున్నాయి. తలుపులోంచి చూస్తే కారు కిందికి ఎక్కడో ఉంది. కుడిపక్క ముందు చక్రం సారాకు స్పష్టంగా కనబడుతోంది. సూటిగా తిరగడం లేదు. తాగినవాడు నడిచినట్టు పైభాగం కాస్త లోపలికి, కాస్త బయటికి ఊగుతోంది.

"నాయనా! చక్రం!"

"బాగుండాది మే! గుర్రం లాగా పోతా ఉండాది!" ఎడ్విన్ బొటనవేలెత్తి చూపించాడు.

"ఊడిపోతా ఉండాది, ఆపు!"

గాలి మాటను ఎత్తుకుపోయింది. ఎడ్విన్ చెవి దగ్గర చెయ్యి పెట్టి ఏంది అన్నట్టు తల ఊపి మళ్లీ రోడ్డువైపు చూశాడు. పల్లం మొదలైంది. మలుపు కనబడుతోంది. నాయనకు అర్థమయ్యేట్టు చెప్పడానికి ఇంక దారి లేదు. మరల గురించీ గుర్తు గురించీ ఇక్కడినుంచి చెప్పేదెలా? అప్పుడు సారా నాయనను వదిలేసింది. పక్కసీటులో తల కొంచెం పక్కకు వంచి, మోగుతున్న బస్సువైపు చెవి పెట్టి కూర్చున్న మనిషిని చూసింది.

"తాతా!" అని కడుపులోంచి అరిచింది. "ఎలపటది దాపట వేసినాం! ఎలపటది దాపట!"

ఓబయ్య మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత చెయ్యి చాచి, తడుముకోకుండా, కొడుకు భుజం పట్టుకున్నాడు. ఏమన్నాడో బస్సులోకి వినపడలేదు. ఎడ్విన్ మొహం మాత్రం రక్తం దిగిపోయినట్టు తెల్లబడడం కనబడింది. కాలు యాక్సిలేటరు మీంచి తీసేశాడు. బ్రేకు తొక్కలేదు. కారు దాని ఊపు అది తగ్గించుకుంటూ, ముందు చక్రాలు రెండూ వణుకుతూ, రోడ్డు పక్క ఇసుకలోకి దిగి, కల్వర్టుకి ఇవతల ఆగింది.

బస్సు దాటిపోయి ఆగింది. సారా పూర్తిగా ఆగకముందే దూకింది.

ఎడ్విన్ ఎడమ చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. సుత్తి తీసుకోలేదు. రెక్కను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. సీసా మూత లాగా తిరిగి చేతిలోకి వచ్చేసింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎప్పటినుంచో టకటక అంటా ఉండాదిరా అని మొత్తుకుంటానే ఉండా," అన్నాడు ఓబయ్య సీటులోంచి. "ఈడేమో, కొత్త ఊచలు నాయనా, సర్దుకుంటాయి అంటాడు."

సారా వచ్చి పక్కన నిలబడింది. ఏడవకూడదనుకుంది.

"నేను ఎడమ అని చెప్పినా నాయనా. తాత చెప్పింది ఎలపట. నేనే మరిచిపోయినా."

"నువ్వు చెప్పినావు. నేను విన్నా," అన్నాడు ఎడ్విన్. "వెనకది ఒక తీరు, ముందుది ఒక తీరు ఉండాదే అని నువ్వు అడిగితే నేనేగదా కథ చెప్పింది. తోసేది, తిరిగేది అని." చేతిలో నట్టును ఇంకోసారి తిప్పాడు. "పో మే, పానాల సంచీ తీసుకురా."

బస్సులోంచి సగంమంది దిగి చుట్టూ మూగారు. చెంచయ్య అందరికంటే ముందున్నాడు. "నేను ముందే చెప్పినా గదా, అటిటు మార్చి కడితే రెండూ పనికి రావని," అన్నాడు, కారు గురించే చెప్పినట్టు. నారాయణయ్య హారన్ కొట్టి అందర్నీ ఎక్కించాడు. హన్నమ్మ ముందుగా వెళ్లి క్యాంపులో మామ పేరు చెప్పి చోటు పట్టి ఉంచాలని తేలింది. ఎక్కేముందు ఆమె కారును చూసి, "దీన్ని తీసుకుపోయి మళ్లీ కోళ్లకియ్యండి," అంది. బస్సు కల్వర్టు దాటి వెళ్లింది.

తర్వాత ఆ రోడ్డు మీద తండ్రీ కూతుళ్ల పని చప్పుడు తప్ప ఏమీ లేదు. ఓబయ్యను చెయ్యి పట్టి తీసుకువెళ్లి మైలురాయి మీద కూర్చోబెట్టారు. జాకీ ఎత్తారు. చక్రాలు తీశారు, హబ్బులు విప్పారు. గ్రీజు మీద ఇసుక పడకుండా సారా తన ఓణీ పరిచింది. మర్రిపాడు వైపు పోయే లారీవాళ్లు వేగం తగ్గించి చూసి నవ్వుకుంటూ పోయారు.

హబ్బులు ఎక్కించేముందు సారా మేకు అడిగింది. పాత 'ఎ' పక్కనే కూర్చుని గీకడం మొదలుపెట్టింది. ఇనుము కీచుమంది.

"ఏం రాస్తా ఉండాది?" అన్నాడు తాత.

"కుడి అని."

"ఎందుకు మే? దానికొక పేరుండాది గదా."

సారా చెయ్యి ఆపింది. 'ఎ' తర్వాత కాసింత చోటుంది. ఆ చోటులో మిగిలిన అక్షరాలు కూడా గీకి, ఎలపట అని పూర్తి చేసింది. రెండోదాన్ని ఈసారి వట్టిగా వదల్లేదు.

చక్రాలు ఎక్కాయి. ఎడ్విన్ చెక్కసుత్తి ఎత్తి, రెక్క మీద ఆనించి, ఆగాడు. ఎటు కొట్టాలో ఇప్పుడు ఆయనకు తెలుసు. అయినా కొట్టలేదు.

"చెప్పు మే. ఎటు?"

"వెనక్కి," అంది సారా.

"ఏందీ?" అన్నాడు ఓబయ్య మైలురాయి మీంచి. మోగే బస్సునూ గాలినీ దాటి విన్న మనిషి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "నాకు వినపళ్లా."

సారా తాతవైపు చూసింది. ఊపిరి నిండా తీసుకుంది.

"వెనక్కి, తాతా! వెనక్కి!"

తుమ్మచెట్ల కింద మేకలు తలలెత్తాయి. ఎడ్విన్ కొట్టాడు. నట్టు బిగిసింది.